ఇంటి బెంగకు గ్రీకు పేరు

మునేటి పరిసరములలోని వత్సవాయి కృష్ణా మెట్టసీమ గ్రామము. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. అయినను జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములను పెద్దలు నేటికిని 'కృష్ణాజిల్లా మెట్ట' అనియే వ్యవహరింతురు.

ఈ సీమ పల్లెలలో జూను మాసమున బడులు తెరచునపుడు ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. పది పన్నెండేండ్ల పిల్లవాడు పెట్టె, పరుపుచుట్ట పట్టుకొని నందిగామకో, జగ్గయ్యపేటకో, విజయవాడకో పోయి వసతిగృహమున చేరును. మొదటి రెండు దినములు క్రొత్త మోజులో గడచిపోవును. మూడవనాటినుండి అన్నము సహింపదు. రాత్రి నిద్ర పట్టదు. పాఠము చెవికెక్కదు. ఒకనాడు కడుపునొప్పి యనును, ఒకనాడు తలనొప్పి యనును. వైద్యుడు పరీక్షించి లోపమేమియు కానరాలేదనును. ఇంటికి కబురు పోవును. తల్లి వచ్చి, బిడ్డ మొగము చూచి, ఒక్క మాటలో రోగనిర్ణయము చేయును: "వీడు బెంగ పెట్టుకున్నాడు."

ఈ బెంగకు ఇంగ్లీషులో సరియైన మాట ఏది? 'హోంసిక్‌నెస్' అను మాట వెంటనే తోచును. దానికి అన్నవంటి మాట మరియొకటి కలదు. అదియే 'నాస్టాల్జియా'. పాత సినిమా పాట చెవిని పడినపుడు, చిన్ననాటి ఛాయాచిత్రము కంటబడినపుడు మనస్సున మెదలు తీపి విచారమును నేడు ఈ మాటతో పేర్కొందురు. కాని మాట పుట్టిననాడు దాని అర్థము ఇది కాదు. దానిని కల్పించినది కవి కాదు, వైద్యవిద్యార్థి. అతడు దానిని ప్రాణాంతకమైన ఒక వ్యాధికి పేరుగా పెట్టెను. ఆ వ్యాధి కారణమును వైద్యులు రెండు శతాబ్దములపాటు గాలిలోను, నరములలోను, మెదడులోను వెదకిరి. ఆ వెదకులాట కథయే ఈ మాట కథ.

పందొమ్మిదేండ్ల వైద్యవిద్యార్థి

యొహానెస్ హోఫర్ 1669లో ముల్‌హౌస్ నగరమున జన్మించెను. ఇప్పుడు ఫ్రాన్సులోనున్న ఈ నగరము ఆనాడు స్విస్ రాష్ట్రములతో మైత్రి కలిగియుండెను. హోఫర్ స్విట్జర్లాండులోని బాజెల్ విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, 1688లో పందొమ్మిదేండ్ల వయస్సున లాటిను భాషలో ఒక సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. ఇల్లు విడిచి దూరదేశములకు పోయినవారిని పీడించు దుఃఖమే దాని విషయము. ఆ దుఃఖమును జర్మను మాటలాడు ప్రజలు 'హైంవే' అనుచుండిరి. 'హైం' అనగా ఇల్లు, 'వే' అనగా నొప్పి. ప్రజలందరకు తెలిసిన ఈ బాధకు వైద్యగ్రంథములలో పేరు లేదని హోఫర్ గమనించెను. పేరు లేని వ్యాధిని వైద్యులు పట్టించుకొనరు. కనుక అతడు ప్రజల మాటను గ్రీకులోనికి మార్చెను.

గ్రీకు భాషలో 'నోస్తోస్' అనగా తిరిగి ఇల్లు చేరుట, 'ఆల్గోస్' అనగా నొప్పి. ఈ రెండును కలిపినచో 'నాస్టాల్జియా' అయినది. ఇంటికి మరలి పోవలెనను కోరికవలన కలుగు నొప్పి అని దీని అర్థము. రెండవ భాగము విద్యార్థులు ఎరిగినదే. నరముల నొప్పిని 'న్యూరాల్జియా' అందురు. నొప్పిని పోగొట్టు మందులను 'అనాల్జెసిక్'లు అందురు. వానిలోనున్నది ఈ 'ఆల్గోస్' మాటయే. మొదటి భాగము గ్రీకు సాహిత్యమున ప్రసిద్ధమైనది. ట్రాయి యుద్ధము ముగిసిన తరువాత పది సంవత్సరములు సముద్రములపై తిరిగి తన ఇథాకా ద్వీపమును చేరుకొన్న ఒడిస్యూస్ కథ, అనగా హోమర్ రచించిన 'ఒడిస్సీ', ఇట్టి నోస్తోస్ కథయే.

అయినను ఒక విషయము గుర్తుంచుకొనవలెను. 'నాస్టాల్జియా' అను సమాసమును ప్రాచీన గ్రీకులెవ్వరును పలుకలేదు. దాని ముడిసరకు మాత్రమే గ్రీకుది. అది తయారైన చోటు బాజెల్, తయారైన సంవత్సరము 1688. శాస్త్రములలో మనము ప్రాచీనములని తలచు పదములు అనేకము ఇట్లే ఇటీవల పోతపోసినవి.

హోఫర్ తన వ్యాసమున కొందరి రోగుల వృత్తాంతములను వ్రాసెను. అందొకటి బెర్న్ నగరమునుండి చదువునకై బాజెల్‌కు వచ్చిన యువకునిది. అతడు చాలకాలము దిగులుతో కృశించి, తుదకు జ్వరము, గుండెదడలతో మంచమెక్కెను. మరణము తప్పదని తలచి అతనికొరకు ప్రార్థనలు కూడ చేసిరి. అట్టి సమయమున అతనిని చూడవచ్చిన మందుల దుకాణపు ఉద్యోగి యొకడు ఇది ఇంటి బెంగ యనియు, స్వగ్రామమునకు పంపుటకంటె వేరు మందు లేదనియు చెప్పెను. ప్రయాణపు ఏర్పాట్లు కన్నులబడగానే రోగికి ఊపిరి తేలికగా ఆడసాగెను. బాజెల్ దాటి కొన్ని మైళ్లు పోవునప్పటికి లక్షణములు చాలవరకు తగ్గెను. బెర్న్ చేరకమునుపే అతడు స్వస్థుడయ్యెను.

మరియొక రోగి పల్లెటూరి బాలిక. పడి దెబ్బ తగిలి ఆమెను నగరపు ఆసుపత్రిలో చేర్చిరి. స్పృహ వచ్చి చుట్టును పరాయివారిని చూచినది మొదలు ఆమె తిండిని, మందును ఉమిసివేయుచు, ఏమడిగినను ఇంటికి పోదునను మాట తప్ప పలుకలేదు. ఇంటికి చేర్చిన కొలది దినములకు మందు లేకయే కోలుకొన్నది.

స్వదేశపు తలపులు అంటుకొనియుండు మెదడు మధ్యభాగపు నారలలో ప్రాణవాయువులు ఎడతెగక కంపించుటవలన ఈ వ్యాధి కలుగునని హోఫర్ ఊహించెను. నాటి శరీరశాస్త్రము అంతవరకే నడచినది. ఆ ఊహ నిలువలేదు. అతడు వ్రాసిన వృత్తాంతములు నిలిచినవి.

నాసత్యుల బంధువు

'నోస్తోస్' అను మాటకు మూలధాతువు 'నెస్' అని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. క్షేమముగా మరలివచ్చుట దీని భావము. ఇండో-యూరోపియను భాషలలో పలుచోట్ల ఈ ధాతువు సంతానము కలదు. నేటి జర్మను భాషలో 'గెనేజెన్' అనగా జబ్బునుండి కోలుకొనుట. అదియు ఈ ధాతువునుండి వచ్చినదే. ఇల్లు చేరుట, ఆరోగ్యము చేకూరుట అను రెండు భావములు ఒకే వేరునుండి మొలచినవన్నమాట. బెర్న్ విద్యార్థి విషయమున ఆ రెండును ఒకే ప్రయాణములో జరిగినవి.

ఋగ్వేదమున అశ్వినీదేవతలకు 'నాసత్యులు' అను పేరు కలదు. అసత్యము లేనివారని దీనికి సంప్రదాయమున చెప్పు అర్థము. కాని ఈ పేరు కూడ 'నెస్' ధాతువునకు చెందినదేయనియు, క్షేమముగా ఇల్లు చేర్చువారని దీని భావమనియు పలువురు ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు అభిప్రాయపడిరి. ఈ దేవతలు దేవవైద్యులు. సముద్రమధ్యమున చిక్కుకొన్న తుగ్రుని కుమారుడు భుజ్యుని ఓడలలో ఇల్లు చేర్చిన కథ వారిదే. ఇంటికి చేర్చుటయు, వైద్యము చేయుటయు ఆ దేవతలకు రెండు పనులు కావు. ఈ వ్యుత్పత్తి సరియైనచో, హోఫర్ పెట్టిన పేరునకు మన వేదమున ఒక దూరపు బంధువు ఉన్నట్లే.

గాలి బరువు సిద్ధాంతము

స్విట్జర్లాండు యువకులు ఆ కాలమున పరాయి రాజుల సైన్యములలో కూలికి పోరాడుటకు ఐరోపా అంతట పోవుచుండిరి. వారిలో ఈ బెంగ అధికముగా కనిపించుటచేత దీనికి 'స్విస్ వ్యాధి' అను పేరు కూడ వచ్చినది. ధైర్యవంతులని పేరొందిన స్విస్ వారు ఇంటికొరకు ఏడ్చి చిక్కిపోవుట జ్యూరిచ్ నగర శాస్త్రజ్ఞుడు యొహాన్ యాకోబ్ షాయ్‌క్జర్‌కు పరువు తక్కువగా తోచినది. 1705 ప్రాంతమున ఆయన దీనికి భౌతికశాస్త్రమునుండి కారణము చూపెను.

టారిసెల్లీ పాదరస భారమితిని నిర్మించి అప్పటికి అరువది సంవత్సరములు గడచినవి. ఎత్తు పెరిగినకొలది గాలి పీడనము తగ్గునని అందరకు తెలిసినది. కొండలపై తేలిక గాలికి అలవాటుపడిన స్విస్ దేహము పల్లపు దేశములకు దిగినపుడు బరువైన గాలిచే నొక్కబడుననియు, రక్తము సరిగా ప్రసరింపక గుండె క్రుంగి బెంగ కలుగుననియు షాయ్‌క్జర్ వాదించెను. ఇంటికి పంపుట సాధ్యము కానిచో రోగిని ఎత్తైన కొండపైనో, గోపురముపైనో ఉంచుమని ఆయన సలహా.

వాదము వినసొంపుగా ఉన్నది. పరీక్షించినచో నిలుచునా? బెర్న్ సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున, బాజెల్ సుమారు 260 మీటర్ల ఎత్తున ఉన్నవి. తేడా 280 మీటర్లు. నూరు మీటర్లకు పీడనము నూటికి ఒకటికంటె కొంచెమెక్కువ మారును. అనగా ఆ విద్యార్థి దేహముపై గాలి ఒత్తిడి నూటికి మూడువంతుల చొప్పున మాత్రమే పెరిగియుండును. వాతావరణము మారి తుపాను వచ్చిపోవునపుడు ఒకేచోట కూర్చున్నవానికి కూడ ఇంత తేడా కలుగవచ్చును. వత్సవాయికి, విజయవాడకు ఎత్తులో తేడా నూరు మీటర్లయినను లేదు. అక్కడి పిల్లవానికి ఇక్కడ బెంగ కలుగుట మానలేదు.

ఈ లెక్కలన్నిటికంటె బలమైన సాక్ష్యము హోఫర్ వ్యాసములోనే కలదు. బెర్న్ విద్యార్థి ఎప్పుడు తేరుకొనసాగెను? కొండలెక్కిన తరువాత కాదు. బాజెల్‌లోనే, అదే గాలిలో, అదే మంచముపై, ఇంటికి పంపుచున్నారను సంగతి తెలిసినప్పుడు. గాలి మారలేదు, ఆశ మారినది. షాయ్‌క్జర్ భారమితి చూపిన అంక తప్పు కాదు. ఆ అంకను వ్యాధికి కారణముగా చూపుట తప్పు. రెండు సంగతులు ఒకేచోట కనిపించినంతమాత్రాన ఒకటి మరియొకదానికి కారణము కాదని విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

ఆవులను పిలుచు పాట

ఆల్ప్స్ కొండలలో పశువులకాపరులు మేతకు విడిచిన ఆవులను పాలు పిదుకుటకు పిలుచునపుడు ఒక విధమైన పాట పాడుదురు. కొమ్ముబూరతో కూడ ఊదుదురు. పరదేశమున స్విస్ సైనికులు ఈ పాట విన్నచో బెంగతో పడిపోవుదురని బాజెల్ వైద్యుడు జ్వింగర్ 1710లో వ్రాసెను. ఫ్రెంచి రచయిత రూసో 1768లో తన సంగీత నిఘంటువునందు ఈ సంగతినే ప్రస్తావించి, ఆ పాటను సైనికుల ఎదుట పాడుట మరణశిక్షకు పాత్రమగు నేరముగా నిషేధించిరని వ్రాసెను. అంతకంటె విలువైన మాట ఆయన తరువాత చెప్పెను. ఆ పాటలో విశేష సంగీతశక్తి యేమియు లేదనియు, పరాయివారికి అది ఏ బాధను కలిగింపదనియు, అది పనిచేయునది సంగీతముగా కాక జ్ఞాపకమునకు గురుతుగా మాత్రమేననియు ఆయన వివరించెను. కారణమును గాలినుండి జ్ఞాపకమునకు మార్చిన వారిలో రూసో ముందువాడు.

పశువుల ప్రస్తావన వచ్చినది కనుక మెట్టరైతులు ఎరిగిన సంగతి యొకటి చెప్పవలెను. సంతలో కొనితెచ్చిన ఎద్దు క్రొత్త కొట్టమున కొన్నినాళ్లు మేత ముట్టదు. పగ్గము తెంచుకొన్నచో పాత యజమాని ఊరి దారి పట్టును. దానికిని రైతు వాడు మాట 'బెంగ'యే. మనుష్యుని బాధకును, గొడ్డు బాధకును తెలుగువాడు ఒకే పేరు పెట్టినాడు. ఈ బాధ చదువునుండియో, కవిత్వమునుండియో పుట్టినది కాదనియు, తోడును, తావును ఎరిగిన ప్రాణులకు సహజమనియు ఈ వాడుకయే చాటుచున్నది.

భావములకు పశువులనుండి పేర్లు పుట్టుటయు మనకు క్రొత్త కాదు. సంస్కృతమున 'వత్సము' అనగా దూడ. ఆవునకు దూడపైగల ప్రేమవంటిది 'వాత్సల్యము'. ఆ 'వత్స' శబ్దమునకు మొదటి అర్థము ఏడాది ప్రాయముగలది అని. 'సంవత్సరము' అను మాటలోనున్నది దాని బంధువే. దూడమాంసమును ఇంగ్లీషులో 'వీల్' అందురు. అదియు లాటిను ద్వారా ఈ కుటుంబమునకే చెందినది.

ఓడలు, యుద్ధములు, కూలీలు

18వ శతాబ్దిలో ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించినది. కెప్టెన్ కుక్‌తో 'ఎండెవర్' ఓడపై పయనించిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ 1770లో తన దినచర్యయందు, నావికులలో పెక్కుమంది ఇంటిపై బెంగతో ఉన్నారనియు, వైద్యులు దీనిని నాస్టాల్జియా అను వ్యాధిగా పరిగణించుచున్నారనియు వ్రాసెను. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరపక్ష సైన్యపు వైద్యులు అయిదువేలకు పైబడి సైనికులను ఈ వ్యాధి పేర లెక్క వ్రాసిరి. కొన్ని పదుల మరణములకు కూడ దీనినే కారణముగా చూపిరి.

సరిగా ఆ కాలముననే తెలుగువారు సముద్రములు దాటుచుండిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి బర్మాకు పోయిన తెలుగువారిని అచట 'కోరంగీలు' అనియే పిలిచిరి. చెరకుతోటల కూలికి మారిషసునకు, తరువాత దక్షిణాఫ్రికాకు పోయినవారు కలరు. మద్రాసునుండి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరినది. అందు వచ్చిన మూడువందలకు పైబడిన కూలీలలో తెలుగువారును ఉండిరి. ఓడ పట్టికలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, ఎత్తు, దేహముపైగల గురుతులు వ్రాసికొనిరి. బెంగకు మాత్రము ఆ పట్టికలో గడి లేదు. బెంగతో కృశించిన సైనికుడు రోగి యయ్యెను. బెంగతో కృశించిన కూలి పని ఎగవేయువాడయ్యెను. వ్యాధికి పేరు ఉండుట ఒక్కటే చాలదు. ఆ పేరు ఎవరికి వర్తింపజేయుదురనునది కూడ ముఖ్యము.

వారు తమ బెంగకు తామే వైద్యము చేసికొనిరి. మారిషసు తెలుగువారు రామభజనలను, సింహాద్రి అప్పన్న పూజను తరతరములుగా నిలుపుకొనిరి. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. ఇల్లు చేరు దారి లేనప్పుడు ఇంటిని తామున్నచోటికి తెచ్చుకొనుటయు ఒక నోస్తోసే.

వ్యాధి మాయమైన విధము

19వ శతాబ్దిలో మృతదేహములను కోసి పరీక్షించు పద్ధతి బాగుగా వ్యాపించినది. నాస్టాల్జియాతో మరణించిరని తలచినవారి దేహములలో ఊపిరితిత్తుల క్షయ, మెదడు పొరల వాపు, ప్రేగుల పుండ్లు కనబడసాగినవి. 1880లో టైఫాయిడు సూక్ష్మజీవిని ఎబెర్త్ వర్ణించెను. 1882లో క్షయ సూక్ష్మజీవిని కోహ్ ప్రకటించెను. బెంగవలన వచ్చినదని తలచిన జ్వరములలో పెక్కు నిజముగా సూక్ష్మజీవులవలన వచ్చినవని తేలినది. క్రమముగా ఈ పేరు వైద్యగ్రంథములనుండి తొలగిపోయినది.

అయితే బెంగ అబద్ధమా? కాదు. దాని చలవ, దాని సెగ దేహమునకు తగులుట నిజమే. ఆత్మీయులనుండి, అలవాటైన తావునుండి విడివడుట మెదడునకు అపాయ సంకేతము. అప్పుడు అడ్రినలు గ్రంథులు 'కార్టిసోల్' మొదలైన ద్రవములను అధికముగా స్రవింపజేయును. నిద్ర చెదరుట, ఆకలి తగ్గుట, కడుపులో తిప్పుట దీనివలననే. పిల్లవాడు కడుపునొప్పి యనునపుడు అబద్ధమాడుటలేదు. కారణము కడుపులో లేదు, అంతే.

బ్రిటిషు మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో తల్లిప్రేమకు దూరమైన పిల్లల స్థితిని వివరించెను. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో ఒంటరిగా ఉంచిన పసిపిల్లలను గమనించి మూడు దశలను గుర్తించెను. మొదట బిడ్డ ఏడ్చి ఎదిరించును. తరువాత ఆశ విడిచి మౌనముగా ఉండును. చివరకు ఏమియు పట్టనట్లు మెలగును. దాదులు ఈ మూడవ దశను చూచి బిడ్డ కుదుటపడినదని సంతసించుచుండిరి. నిజమునకు అది కుదుటపడుట కాదు. ఈ పరిశోధనల తరువాత ఆసుపత్రులలో తల్లిదండ్రులను బిడ్డల చెంత ఉండనిచ్చు పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చినది.

ఊరినుండి కాలమునకు

ఇంటిపై బెంగ అను అర్థము గత కాలముపై మమకారముగా ఎట్లు మారినది? దీనికి బీజము జర్మను తత్త్వవేత్త కాంట్ 1798లో ప్రకటించిన గ్రంథమున కలదు. బెంగతో ఊరు చేరినవారు అచట నిరాశ చెందుదురనియు, దానితో బెంగ కుదురుననియు ఆయన వ్రాసెను. అంతయు మారిపోయినదని వారు తలతురు. కాని వారు నిజముగా కోరినది ఊరిని కాదు, అచట గడచిన బాల్యమును. ఊరికి బస్సు కలదు. బాల్యమునకు లేదు.

20వ శతాబ్దిలో ఈ రెండవ అర్థమే ప్రధానమైనది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్రజ్ఞులు సెడికిడీస్, వైల్డ్‌షుట్ మొదలైనవారు 2006లో ప్రకటించిన పరిశోధనలు దీనికి క్రొత్త వెలుగు నిచ్చినవి. జనులకు ఇట్టి తలపులు ఎక్కువగా కలుగునది ఒంటరితనమున, దిగులుగా ఉన్నప్పుడు. కాని ఆ తలపులను వ్రాయుమన్నప్పుడు వారి వ్రాతలలో ఆత్మీయులే నిండియుండిరి. వ్రాసిన తరువాత తమకు నావారు కలరను భావము వారియందు బలపడినది. హోఫర్ దానిని వ్యాధి యనెను. నేటి శాస్త్రజ్ఞులు అది ఒంటరితనమునకు మనస్సు తనంతట తాను చేసికొను చికిత్స కూడ కావచ్చునని చెప్పుచున్నారు.

వాసన ఈ తలపులను ఏల ఇంత వేగముగా లేపును? చూపు, వినికిడి మొదలైన సంవేదనలు మెదడులోని 'థలమస్' అను కూడలి ద్వారా పైభాగములకు పోవును. వాసన సంకేతము ఆ కూడలిలో ఆగకయే, భావోద్వేగములకు స్థానమైన 'అమిగ్డలా'ను, జ్ఞాపకములకు ముఖ్యమైన 'హిపోకాంపస్' పరిసరములను చేరును. అందుచేతనే తొలకరి చినుకు నల్లరేగడిపై పడి లేచిన వాసన, ఎచటనున్న మెట్టరైతు బిడ్డనైనను క్షణములో చేను గట్టుపై నిలుపగలదు.

తెలుగులో ఏమనవలెను?

ఈ మాటను తెలుగు చేయువారు తరచుగా పొరపాటు పడుచుందురు. 'గృహవిరహము' అన్నచో మొదటి అర్థమే వచ్చును. 'గతస్మృతి' అన్నచో నొప్పి జారిపోవును. ఒక ఇంగ్లీషు మాటకు రెండు అర్థములున్నప్పుడు తెలుగున రెండు మాటలు వాడుట దోషము కాదు. మొదటి అర్థమునకు 'ఇంటి బెంగ'ను మించిన మాట లేదు. ఇది అచ్చమైన దేశ్యపదము. హోఫర్ ప్రజల మాట చాలదని గ్రీకునకు పోయెను. మన తల్లుల మాటకు ఆ లోటు లేదు. అందు మనస్సు దిగులును కలదు, దేహము చిక్కుటయు కలదు. రెండవ అర్థమునకు 'పాతరోజుల తలపోత' అనవచ్చును.

తెలుగువారి ఇంటిపేర్లలో కూడ ఈ తలపోత దాగియున్నది. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరి పేర్లే. కుటుంబము వలసపోవును, విడిచిన ఊరు పేరునకు ముందు నిలిచి వెంటవచ్చును. 'వత్సవాయి' అనునది ఒక ఊరి పేరు. పెద్దాపుర సంస్థానమును పాలించిన వంశము ఇంటిపేరు కూడ అదియే.

ఉపాధ్యాయులు గమనింపదగినది

ఈ మాట చరిత్రలో వైద్యులు రెండు విధముల పొరబడిరి. క్షయ, టైఫాయిడులను బెంగ యనుకొని కొందరిని పోగొట్టుకొనిరి. బెంగను సోమరితనమనియో, పిరికితనమనియో తలచి కొందరిని శిక్షించిరి. వసతిగృహములలో ఈ రెండు పొరపాట్లకును నేటికిని తావు కలదు.

జ్వరము వచ్చిన పిల్లవానిని "బెంగ జ్వరమేలే" అని ఊరకుండరాదు. మలేరియా, టైఫాయిడు, డెంగ్యూలు బెంగను చూచి తొలగిపోవు. రక్తపరీక్ష చేయించవలెను. పరీక్షలలో లోపమేమియు లేదని తేలినచో "నటించుచున్నాడు" అనియు తీర్పు చెప్పరాదు. ఇంటితో మాటలాడనిచ్చుట, సెలవునకు ఇంటికి పోవు తేదీని ముందుగా చెప్పుట, ఆ ఊరివాడో ఈడువాడో ఒకనిని ప్రక్క మంచమున ఉంచుట, ఆటలో చేర్చుట మేలు చేయును. బెర్న్ విద్యార్థికి సగము నయమైనది ప్రయాణముచేత కాదు, పోవచ్చునను నమ్మకముచేత. తేదీ తెలిసిన పిల్లవాడు ఆ తేదీవరకు ఓర్చుకొనగలడు. పెక్కుమందికి కొలది వారములలో బెంగ తగ్గును. వారములు గడచినను తిండి, నిద్ర కుదురనిచో, లేక చావు మాట పలికినచో, ఆలస్యము చేయక తల్లిదండ్రులకు తెలిపి వైద్యునికి చూపవలెను. ఏడ్చువానిని అందరు చూతురు. ఏడ్చుట మాని మౌనముగా మూలకూర్చున్నవానిని ఉపాధ్యాయుడే చూడవలెను.

బాజెల్‌లో చావునకు సిద్ధమైన ఆ విద్యార్థి వ్యాధిని గుర్తించినది పండితుడైన వైద్యుడు కాదు, మందుల దుకాణపు ఉద్యోగి. వత్సవాయినుండి వచ్చిన బిడ్డ బెంగను గుర్తించుటకు కూడ గ్రీకు భాష అక్కరలేదు. నాల్గు దినములుగా వాని పళ్లెములో అన్నము ఎందుకు మిగిలిపోవుచున్నదో ఒకరు అడిగినచో చాలును.